బుదే జిగేలో రామ్యన్ వేసుకుంటే బీపీ ఉన్నవాళ్లకి ప్రమాదమా?

రబోక్కి (కారం సాస్‌లో ఉడికించే బియ్యప్పిండి ముద్దలు, నూడుల్స్), బుదే జిగే (మాంసం, కిమ్చీ వేసిన కారం పులుసు) లాంటి కొరియన్ వంటల్లో రామ్యన్, అంటే ఇన్‌స్టంట్ నూడుల్స్, కలిపి తినొచ్చా, ఇంట్లో బీపీ ఉన్నవాళ్లున్నారు అని అడిగారు. కొరియాలోని సువాన్‌లో ఉద్యోగం చేసినన్నాళ్లూ ఇవి బాగానే లాగించాను కాబట్టి చెబుతున్నా. ముందు చూసుకోవాల్సింది నూడుల్స్‌ని కాదండీ, గిన్నెలో పులుసుని.

బుదే జిగే కొరియా యుద్ధం తర్వాత పుట్టిన వంటకం. అమెరికా సైనిక స్థావరాల నుంచి బయటికొచ్చిన స్పామ్ (డబ్బాలో వచ్చే పంది మాంసం), సాసేజీలను కిమ్చీతో (ఉప్పు, కారం పట్టించి ఊరబెట్టిన క్యాబేజీ) కలిపి ఉడికించారు. ఉయిజంగ్‌బు ఊరు దీనికి పెట్టింది పేరు. కొరియాలో రామ్యన్ 1963లో గానీ రాలేదు, కాబట్టి నూడుల్స్ ఇందులోకి ఆ తర్వాతే చేరాయి. అవి పడకముందే స్పామ్‌లో ఉప్పు, కిమ్చీలో ఉప్పు, గొచుజాంగ్‌లో (కొరియన్ మిరప పేస్ట్) ఉప్పు.

అక్కడి హోటళ్లలో మసాలా పొట్లం లేని ఉత్త నూడుల్సే వేస్తారు. 'రామ్యన్ సారి' అని అడిగితే ఇస్తారు. బల్ల మీదే స్టవ్ పెట్టి ఉడికిస్తుంటే నూడుల్స్ పులుసుని పీల్చేస్తాయి, మిగిలింది చిక్కబడి ఉప్పెక్కుతుంది. అప్పుడు హోటల్ ఆవిడ కెటిల్‌తో వచ్చి ఇంకాస్త రసం పోసి వెళ్తుంది. మనమేమో దాన్ని అన్నంలో కలుపుకుని అడుగుదాకా ఊడ్చేస్తాం!

ఇంట్లో చేసుకునేటప్పుడు చాలామంది మసాలా పొడి కూడా వేసేస్తారు. అసలు చిక్కు అక్కడే. కొరియాలో అమ్మే 120 గ్రాముల కారం రామ్యన్‌లో సోడియం 1,700 మి.గ్రా. దాటేవి ఉన్నాయి. రోజంతటికీ 2,000 మి.గ్రా. లోపు చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. రాత్రి రామ్యన్ తింటే పొద్దున ముఖం ఉబ్బుతుందని కొరియన్లే అంటారు. నాకైతే కళ్ల కింద స్పష్టంగా తెలిసేది.

ఇన్‌స్టంట్ నూడుల్స్ వారానికి రెండుసార్లు, అంతకంటే ఎక్కువ తినే కొరియన్ మహిళల్లో మెటబాలిక్ సిండ్రోమ్ (బీపీ, షుగర్, పొట్ట కొవ్వు లాంటివి కలిసి పెరగడం) ఎక్కువగా కనిపించిందని 2014లో ఒక అధ్యయనం వచ్చింది. మగవాళ్లలో ఆ తేడా కనబడలేదు. నూడుల్సే కారణమని దాంతో తేలిపోదు గానీ, ఎన్నిసార్లు తింటున్నామో చూసుకోవడం మంచిది. నూడుల్స్‌కి మైనం పూస్తారన్న వాట్సాప్ కబుర్లు మాత్రం వదిలేయండి. చాలా రకాలని నూనెలో, ఎక్కువగా పామాయిల్‌లో, వేయిస్తారు, అంతే.

షుగర్ ఉన్నవాళ్లకైతే రబోక్కి ఇంకా ఇబ్బంది. అందులో బియ్యప్పిండి ముద్దలు, గొచుజాంగ్‌లో తీపి ఉండనే ఉంటాయి, పైన మైదా నూడుల్స్.

నేను నూడుల్స్ విడిగా ఉడికించి, ఆ నీళ్లు పారబోసి, సగం నూడుల్సే వేస్తాను. పొడి వేయను. టోఫు, గుడ్డు, మొలకలు ఎక్కువ వేసి పులుసు వదిలేస్తాను. మీ ఇంట్లో బీపీకి మందులు వాడుతున్నవాళ్లకి స్పామ్ కూడా తీసేయండి, ఆ రోజు ఇంకోపూట ఆవకాయ జోలికి పోనివ్వకండి.