హార్న్ యాంటెన్నాని కొమ్ము అనొచ్చా?

సందేహం: ఈఎంసీ టెస్టింగ్ ల్యాబ్‌లో (ఎలక్ట్రానిక్ వస్తువులు ఒకదాన్నొకటి రేడియో రొదతో ఇబ్బంది పెట్టకుండా పనిచేస్తాయో లేదో చూసే చోటు) పనిచేస్తాను. కొత్తగా చేరేవాళ్ళ కోసం తెలుగులో నోట్సు రాసుకుంటున్నాం. హార్న్ యాంటెన్నాకి (బాకా నోరులా విచ్చుకున్న లోహపు యాంటెన్నా) ఒకరు "శృంగ గ్రాహకం" అని పెట్టారు. నేను "కొమ్ము యాంటెన్నా" అంటే ఎద్దుకా అని నవ్వారు. ఏది రైటు? బ్రాడ్‌బ్యాండ్‌ని ఏమనాలి?

సమాధానం: ముందు ఆ "గ్రాహకం" కొట్టెయ్యండి. గ్రాహకం అంటే తీసుకునేది. టీవీయో ఛార్జరో బయటికి ఎంత రేడియో రొద వదుల్తోందో 3 మీటర్ల దూరంలోనో 10 మీటర్ల దూరంలోనో నిలబెట్టి కొలిచేటప్పుడు యాంటెన్నా తీసుకుంటుంది, నిజమే. కానీ అదే టీవీ బయటి తరంగాలని తట్టుకుంటుందో లేదో చూసే ఇమ్యూనిటీ టెస్టులో మీటరుకి 3 వోల్టులో 10 వోల్టులో ఫీల్డుని దానిమీదకి పంపేది కూడా యాంటెన్నాయే కదా, ఇచ్చేదాన్ని పట్టుకుని గ్రాహకం అంటే ఎలా? వస్తువు చేసే పని చూడకుండా నిఘంటువు తిరగేసి సంస్కృతం ముక్కలు అతికించే అలవాటు మనవాళ్ళకి ఇంకా పోలేదు, చూస్తే బాధేస్తుంది.

ఇక కొమ్ము సంగతి. యాంటెన్నా అనేది లాటిన్ మాట, అసలర్థం ఓడలో తెరచాప కట్టే అడ్డకర్ర. అరిస్టాటిల్ పురుగుల మీసాలని గ్రీకులో "కెరాయియా" అన్నాడు, ఆ మాటకి కొమ్ములా పొడుచుకొచ్చింది అనీ అర్థం ఉంది, తెరచాప అడ్డకర్ర అనీ ఉంది. 15వ శతాబ్దంలో థియోడోర్ గాజా అనే గ్రీకు పండితుడు అరిస్టాటిల్ రచనని లాటిన్‌లోకి మారుస్తూ కర్ర అర్థం పట్టుకుని యాంటెన్నా అని వేశాడు, దాంతో కొమ్ము జారిపోయి కర్ర మిగిలింది, రేడియోవాళ్ళ దాకా వచ్చింది ఆ కర్రే. మన జువాలజీ పుస్తకాల్లో "స్పర్శశృంగాలు" అని రాసినవాళ్ళు మళ్ళీ కొమ్ము దగ్గరికే వెళ్ళారు (బొద్దింక మీసాలు అంటే ఏ ఇంట్లో అర్థం కాదు చెప్పండి?).

ఇప్పుడు మన వైపు చూడండి. తమిళంలో "కొంబు" అంటే జంతువు కొమ్ము, చెట్టుకొమ్మ, కర్ర, ఊదే వాద్యం, ఇన్నీ. కేరళ పంచవాద్యంలో ఊదేది ఆ కొంబే. తెలుగులో మనం చెట్టుకి కొమ్మ అనీ ఎద్దుకి కొమ్ము అనీ విడదీసుకున్నాం. అంటే గ్రీకు మాటలో కర్రా కొమ్మూ ఎలా కలిసున్నాయో ద్రావిడ మాటలోనూ అలాగే కలిసున్నాయి! ఎవరి దగ్గర ఎవరూ నేర్చుకున్నది కాదు, ఒంటిమీంచి పొడుచుకొచ్చినదాన్ని చూసి ఎక్కడివాళ్ళక్కడ ఒకేలా అనుకున్నారు. నాకు ఇది ఎన్నిసార్లు తలుచుకున్నా సంతోషంగానే ఉంటుంది. పసుపుకొమ్ము, గుణింతంలో కొమ్ము, ఒకరికి కొమ్ముకాయడం, వీటితో మీకు పని లేదు.

మీకు కావలసింది ఊదే కొమ్ము. ఇంగ్లీషు హార్న్ కూడా జంతువు కొమ్ముగా మొదలై ఊదే బాకాగా మారి, తర్వాత నోరు విచ్చుకున్న ప్రతిదానికీ పేరైంది. వేవ్‌గైడ్ (తరంగాన్ని నడిపించే బోలు లోహపు గొట్టం) ఉన్నట్టుండి ఆగిపోతే తరంగం కొంత వెనక్కి కొడుతుంది, మెల్లగా విచ్చుకుంటే సాఫీగా గాల్లోకి వెళ్తుంది, అందుకే ఆ ఆకారం. మనకీ కొమ్ము ఊదడం ఉంది, కొమ్ముబూర ఉంది, ఇంక నవ్వడానికేముంది? లోపల రెండు గట్లు పెట్టి 1 నుంచి 18 గిగాహెర్ట్జ్ దాకా లాగే రకాన్ని "జోడుగట్ల కొమ్ము" అనండి, పొలం చూసినవాడికి బొమ్మ కూడా అక్కర్లేదు. 1890లలో కలకత్తాలో జగదీశ్ చంద్ర బోస్ ఇలాంటిదే వాడి దాన్ని గరాటు అనే పిలిచారు. కాబట్టి గరాటు అన్నా నేను కాదనను.

30 నుంచి 300 మెగాహెర్ట్జ్ చూసే బైకోనికల్ యాంటెన్నాని, ఆపైన 1 గిగాహెర్ట్జ్ దాకా చూసే లాగ్ పీరియాడిక్ యాంటెన్నాని మాత్రం అలాగే ఉంచండి. "సంవర్గమాన ఆవర్తక" అని రాస్తే చదివే కుర్రాళ్ళు మళ్ళీ ఇంగ్లీషులో అడుగుతారు. బ్రాడ్‌బ్యాండ్ అంటే ఇప్పుడందరికీ ఇంట్లో నెట్ కనెక్షనే గుర్తొస్తుంది, మాటని అంత ఇరుకు చేసేశారు. అయినా మార్చొద్దు, మొదటిసారి వచ్చినచోట "చాలా ఫ్రీక్వెన్సీలకి ఒక్కటే సరిపోయేది" అని ఒక వాక్యం రాయండి చాలు. "కొమ్ము యాంటెన్నా" తప్పు కాదనే నా అభిప్రాయం. ల్యాబ్‌లో నోటికి హార్నే వస్తుంటే దాన్నీ ఆపక్కర్లేదు, నోట్సులో రెండూ పక్కపక్కన రాసి కొన్నాళ్ళు చూడండి.