తిరుమల ఘాట్ రోడ్డు రాళ్లలో 80 కోట్ల ఏళ్లు మాయం అంటే ఏంటి?

కొండ అడుగున ఉన్నది ఆర్కియన్ కాలపు, అంటే 250 కోట్ల ఏళ్లకు ముందటి గ్రానైట్. దాని మీద పొరలు పొరలుగా క్వార్ట్‌జైట్, అంటే ఒకప్పటి ఇసుకే గట్టిపడి రాయైంది. ఈ రెంటి మధ్య దాదాపు 80 కోట్ల ఏళ్ల కాలానికి చెందిన రాయి లేదు. అన్నాళ్లూ గ్రానైట్ బయటపడి వానకీ గాలికీ అరిగింది. తర్వాతే దాని మీద నీళ్లు ఇసుక పరిచాయి. పాత పూతలన్నీ గీకేసి గోడకు కొత్త సున్నం కొడితే, మధ్య పూతల లెక్క పోయినట్టే కదా! రాళ్ల మధ్య ఉన్న ఈ ఖాళీనే ఎపార్కియన్ అన్‌కన్‌ఫర్మిటీ అంటారు. బస్సు మలుపుల్లో వాంతుల టెన్షన్‌తో ఎవరూ అటు చూడరనుకోండి.

అంగారకుడి మీద గేల్ బిలంలోనూ క్యూరియాసిటీ రోవర్ ఇలాంటిదే చూసింది: కోసుకుపోయిన బురదరాయి మీద గాలి తెచ్చి పోసిన ఇసుకరాయి.