క్రైమ్ కథ రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

నీ కథ రెండుసార్లు చదివాను. పదకొండు పేజీల్లో నాలుగు హత్యలు. చంపినవాడు ఆ రాత్రి ఇంటికెళ్లి అన్నం తిన్నాడో లేదో మాత్రం ఎక్కడా లేదు.

అమెరికన్ దర్శకుడు అబెల్ ఫెరారా సినిమాలు చూడు. 1951లో న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో పుట్టినవాడు. చేతిలో డబ్బు లేని రోజుల్లో 'ది డ్రిల్లర్ కిల్లర్' (1979) తీసి, హంతకుడి వేషం తనే వేసుకున్నాడు. చిన్ననాటి స్నేహితుడు నికొలస్ సెయింట్ జాన్ రాసిచ్చిన 'కింగ్ ఆఫ్ న్యూయార్క్' (1990)లో జైలు నుంచి బయటికొచ్చిన డ్రగ్స్ డాన్ మనుషుల్ని చంపిస్తూనే, పేదల ఆసుపత్రి మూతపడకుండా చూడాలని తాపత్రయపడతాడు.

అన్నిటికన్నా నువ్వు జాగ్రత్తగా చూడాల్సింది 'బ్యాడ్ లెఫ్టినెంట్' (1992). ఆ పోలీసు అధికారికి సినిమా మొత్తంలో పేరే ఉండదు. మొదట్లోనే పిల్లల్ని బడి దగ్గర దింపుతాడు, వాళ్లు అటు వెళ్లగానే కారులో కూర్చుని కొకైన్ పీలుస్తాడు. అంతే, మనిషి మొత్తం తెలిసిపోయాడు. బేస్‌బాల్ పందేల్లో ఓడిపోతూ, అప్పు తీర్చడానికి పందెం పెంచుతూ పోతాడు. మరోపక్క అత్యాచారానికి గురైన నన్ ఆ కుర్రాళ్లను క్షమించేశానంటుంది, వాళ్లెవరో చెప్పదు. ఇక నేరస్థుణ్ణి పట్టుకోవడం కన్నా ఆ క్షమను తట్టుకోవడమే అతనికి కష్టమవుతుంది. టెన్షన్ అంతా అక్కడుంది, తుపాకీలో లేదు.

నేనూ మొదట్లో నీలాగే రాశాను. రిటైరైన హెడ్ కానిస్టేబుల్ ఒకాయన నా కథ చదివి, "ఇన్ని కాల్పులా? మేం రాత్రంతా చేసేది కాగితాలు రాయడమేనయ్యా" అని నవ్వాడు. సిగ్గుతో ఆ కథ చించేశాను. చించకుండా ఉండాల్సింది, ఇప్పుడు నీకు చూపించేవాణ్ణి.

ఒక మాట. ఫెరారా మత్తులో బతికాడు కాబట్టే అలా తీయగలిగాడని ఎవరైనా అంటే నమ్మకు. 'బ్యాడ్ లెఫ్టినెంట్' స్క్రిప్టు ఆయనతో కలిసి రాసిన జోయీ లండ్ డ్రగ్స్ వల్లే 1999లో, 37 ఏళ్లకే పోయింది. ఆయన మందూ డ్రగ్స్ మానేసి, రోమ్‌లో స్థిరపడి, ఇప్పటికీ చిన్న బడ్జెట్లలోనే తీస్తున్నాడు. అన్నీ బాగున్నాయనను, కొన్ని నేను సగంలో ఆపేశాను.

నీ కథలో మూడు హత్యలు తీసెయ్. మిగిలిన హత్య చేసి వాడు ఇంటికొచ్చేసరికి వాళ్లావిడ మేలుకునే ఉందా? ఆ పేజీ రాసి పంపు.

మీ అన్నయ్య