మారథాన్‌కి ఆరు వారాల ముందు ఎత్తుపల్లాల పోటీ: వెళ్లాలా, మానాలా?

ప్రశ్న: నా మొదటి మారథాన్‌కి ఇంకో ఆరు వారాలుంది. ఈలోపు మా దగ్గర ఏటా జరిగే హాఫ్ మారథాన్ (21 కిలోమీటర్లు) ఒకటి వస్తోంది. దారంతా ఎత్తుపల్లాలే, మూడు పెద్ద ఎత్తులు ఎక్కాలి, చివరిది 17వ కిలోమీటరు దగ్గర. చదును రోడ్డు మీద నా హాఫ్ టైమ్ 2 గంటల 5 నిమిషాలు. ఆ ఆదివారం నా ప్లాన్‌లో 28 కిలోమీటర్ల లాంగ్ రన్ ఉంది. కొందరు ఫ్రెండ్స్ ‘ఇప్పుడు పోటీలేంటి, మానెయ్’ అంటున్నారు, ఇంకొందరు ‘ప్రాణం పెట్టి పరుగెత్తు, అదే అసలైన టెస్ట్’ అంటున్నారు. టైమ్ బాగా రాకపోతే మారథాన్ మీదున్న ధైర్యం కూడా పోతుందేమోనని టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?
(పేరు వద్దన్న పాఠకురాలు)

జవాబు: వెళ్లండి. ఆరు వారాలంటే కోలుకోవడానికి చాలినంత సమయమే. రెండు వారాలే ఉండి ఉంటే గట్టిగా వద్దనేదాన్ని. కాకపోతే ఒక్క విషయం ఈ వారంలోనే తేల్చుకోండి: ఆ పోటీ మీ లాంగ్ రన్‌కి బదులా, అదనమా? బదులే కావాలి. శనివారం 28 కిలోమీటర్లు పరుగెత్తి ఆదివారం పోటీకి వెళ్లేవాళ్లని, పోటీ అయ్యాక ‘ప్లాన్‌లో ఉంది కదా’ అని బుధవారం మళ్లీ 28 పెట్టుకునేవాళ్లని చూశాను. దెబ్బలు ఎక్కువగా అలాంటి వారాల్లోనే తగులుతాయి. పోటీకి ముందు 3 కిలోమీటర్లు మెల్లగా జాగింగ్ చేయండి, గీత దాటాక కాళ్లు ఒప్పుకుంటే ఇంకో 3 చేయండి, మొత్తం 27 అవుతుంది, ఆ మిగిలిన ఒక్క కిలోమీటరు గురించి ఆలోచించొద్దు. కాళ్లు ఒప్పుకోకపోతే ఆ చివరి 3 కూడా వద్దు.

ఇక ప్రాణం పెట్టి పరుగెత్తడం గురించి. మొదటి మారథాన్ ముందుండగా ఎత్తుపల్లాల దారిలో ఆ పని చేయొద్దనే నా సలహా. మూడో ఎత్తు పైకి చేరేదాకా మారథాన్ రోజు పెట్టబోయే శ్రమే పెట్టండి, అంతకు మించి కాదు. అక్కడి నుంచి ఉన్న నాలుగు కిలోమీటర్లలో ఓపిక మిగిలి ఉంటే అప్పుడు వదలండి. శ్రమ అన్నాను, పేస్ (కిలోమీటరుకి పట్టే టైమ్) అనలేదు, గమనించండి. 2 గంటల 5 నిమిషాలంటే మీ హాఫ్ పేస్ కిలోమీటరుకి 5 నిమిషాల 55 సెకన్లు. దాన్ని బట్టి మారథాన్ టైమ్ అంచనా వేయడానికి పీటర్ రీగెల్ అనే ఇంజనీర్ 1977లో ఇచ్చిన సూత్రం ఒకటుంది, దూరం రెట్టింపైతే టైమ్ రెండింతలు కాదు, దాదాపు 2.085 రెట్లు అవుతుందని. ఆ లెక్కన మీకు 4 గంటల 20 నిమిషాలు, అంటే కిలోమీటరుకి 6 నిమిషాల 10 సెకన్లు. వారానికి తక్కువ కిలోమీటర్లు చేసేవాళ్లకి, మొదటిసారి పరుగెత్తేవాళ్లకి ఈ సూత్రం కాస్త ఎక్కువ ఆశ చూపిస్తుంది కాబట్టి మరో పది, పదిహేను నిమిషాలు కలుపుకోండి. ఈ 6:10ని పట్టుకుని ఎత్తు ఎక్కాలని చూశారో, అక్కడే అయిపోతారు. ఎత్తులో అదే శ్రమకి వాచీ 7 నిమిషాలు చూపించొచ్చు, నిటారుగా ఉంటే 7:30 కూడా చూపించొచ్చు, అది తప్పు కాదు. పోగొట్టుకున్న సెకన్లన్నీ దిగేటప్పుడు తిరిగి రావు కూడా, ఎక్కడంలో పోయేది ఎప్పుడూ దిగడంలో వచ్చేదానికన్నా ఎక్కువ. అందుకే ఆ రోజు వచ్చే టైమ్‌ని మీ చదును రోడ్డు టైమ్‌తో పోల్చొద్దు, దాన్ని రీగెల్ సూత్రంలో వేసి మారథాన్ అంచనా కట్టొద్దు. 2:15 వచ్చినా మీరు వెనకబడ్డట్టు కాదు. పక్కనున్న మనిషితో చిన్న చిన్న వాక్యాలు మాట్లాడగలుగుతున్నారా, లేదా అన్నదే మీ కొలత. రెండు మాటలకే ఊపిరి అందకపోతే తగ్గండి. అడుగులు చిన్నవి చేయండి, చేతులు ఆడించండి, ఎత్తు చివర ఎక్కడుందో వెతక్కుండా ముందున్న పది పదిహేను మీటర్ల రోడ్డునే చూడండి. బాగా నిటారుగా ఉన్న చోట గబగబా నడిచినా పరుగెత్తినా వేగం దాదాపు ఒకటే అవుతుంది, అలాంటప్పుడు నడవండి.

ఎత్తుల్లో మనల్ని చెడగొట్టేది ఎక్కువసార్లు పక్కవాళ్లే. బోస్టన్ మారథాన్‌లో హార్ట్‌బ్రేక్ హిల్ అని ఒక ఎత్తుంది, పేరు విని పెద్ద కొండ అనుకుంటారు గానీ అది ఎక్కించేది 27 మీటర్లే. 32 కిలోమీటర్లు దాటాక వస్తుంది కాబట్టి అంత భయం. 1936లో జానీ కెల్లీ అక్కడి ఎత్తుల్లో వెంటబడి, ముందున్న ఎల్లిసన్ బ్రౌన్‌ని అందుకుని, వెళ్తూ వెళ్తూ భుజం తట్టాడు. ఆ తట్టడంతో బ్రౌన్‌కి ఎక్కడలేని ఊపొచ్చి మళ్లీ ముందుకెళ్లి గెలిచాడు. కెల్లీ అంతకుముందు ఏడాదే ఆ పోటీ గెలిచినవాడు, అంత అనుభవం ఉన్నవాడికే ఎత్తులో ఒకరి వెంటబడటం అచ్చిరాలేదు. మీ పోటీలో మొదటి ఎత్తు మీద ఓ యాభై మంది మిమ్మల్ని దాటిపోతారు. పోనివ్వండి.

ఇప్పుడు అసలు భయపడాల్సిన చోటు చెప్తాను, దిగడం. ఎక్కేటప్పుడు ఊపిరి ఆడదు కాబట్టి కష్టం వెంటనే తెలుస్తుంది, పైకి రాగానే తగ్గిపోతుంది. దిగేటప్పుడు హాయిగా ఉంటుంది, వాచీలో మంచి అంకెలు కనిపిస్తాయి, లోపల మాత్రం తొడ ముందు కండరాలు ఒంటి బరువుకి బ్రేకు వేస్తూ, సాగుతూనే పనిచేస్తుంటాయి. కండరానికి అన్నిటికన్నా ఎక్కువ దెబ్బ తగిలేది అలా సాగుతూ బిగిసినప్పుడే, సన్నని పోగుల్లో చిరుగులు పడతాయి. నొప్పి అప్పుడు తెలియదు, ఒకటి నుంచి మూడు రోజుల తర్వాత మెట్లు దిగుతుంటే తెలుస్తుంది. నేను ఒకసారి మారథాన్‌కి పదహారు రోజుల ముందు ఇలాంటి పోటీలోనే పల్లాలన్నీ దూకుతూ దిగి, మంచి టైమ్ వచ్చిందని వారమంతా సంతోషపడ్డాను. మారథాన్ రోజు 28వ కిలోమీటరు దగ్గర తొడలు కొయ్యల్లా బిగుసుకుపోయాయి, మిగతా 14 నడిచాను. బోస్టన్‌లో కూడా మొదట్లో చాలా దూరం పల్లమే, అక్కడ తొడలు పాడుచేసుకున్నవాళ్లే చివరి ఎత్తుల్లో ఆగిపోయేది.

అయితే ఇందులోనే మీకు మేలు కూడా ఉంది. ఒకసారి ఇలా దెబ్బ తిని కోలుకున్న కండరం, తర్వాత కొన్ని వారాలపాటు అదే పనికి అంతగా దెబ్బ తినదు. ఆరు వారాల ముందు, అదుపులో, పల్లాలు దిగి వస్తే మారథాన్ చివరి పది కిలోమీటర్లకి మీ తొడలు కొంత సిద్ధమైనట్టే. అదుపులో అంటే, కాలు ముందుకి చాచి మడమ మీద పడకుండా, అడుగులు చిన్నగా, త్వరత్వరగా, ఒళ్లు వెనక్కి వాల్చకుండా దిగడం. దబ్ దబ్‌మని మీ అడుగుల చప్పుడు మీకే వినపడుతోందంటే ఎక్కువైనట్టు.

తినడం, తాగడం కూడా ఆ రోజే రిహార్సల్ చేసుకోండి, ఇంతకన్నా మంచి అవకాశం రాదు. మారథాన్‌కి వేసుకోబోయే బూట్లు, సాక్స్, అదే జెల్ (పరుగులో శక్తి కోసం తినే చక్కెర గుజ్జు), అన్నీ అవే. ఒంట్లో దాచుకున్న గ్లైకోజెన్, అంటే కండరాల్లో, కాలేయంలో ఉండే చక్కెర నిల్వ, ఈ వేగంలో చాలామందికి 30, 35 కిలోమీటర్ల దగ్గర అడుగంటుతుంది, ‘వాల్’ అనేది దాన్నే. కాబట్టి గంటకి 30 నుంచి 60 గ్రాముల కార్బోహైడ్రేట్ లోపలికి వెళ్లేలా చూసుకోండి, మొదటి జెల్ 40 నిమిషాల దగ్గరే, ఆకలి వేయకముందే, అదీ ఎత్తు ఎక్కుతూ రొప్పుతున్నప్పుడు కాకుండా చదునులో. నీళ్లు దాహాన్ని బట్టి తాగండి. కనిపించిన ప్రతి టేబుల్ దగ్గరా రెండేసి గ్లాసులు తాగితే రక్తంలో సోడియం పలచబడి ప్రాణం మీదికి వచ్చిన సందర్భాలున్నాయి.

తర్వాతి రోజుల గురించి. న్యూజిలాండ్ మారథానర్ జాక్ ఫోస్టర్ 41 ఏళ్ల వయసులో, 1974 కామన్వెల్త్ క్రీడల్లో 2 గంటల 11 నిమిషాల 18 సెకన్లకి పరుగెత్తి రజతం తెచ్చుకున్నాడు. ఆయన పాటించిన లెక్క ఒకటి నాకు బాగా నచ్చుతుంది: పోటీలో ఎన్ని మైళ్లు పరుగెత్తితే అన్ని రోజులు మళ్లీ పోటీ మాట ఎత్తొద్దు. హాఫ్ అంటే 13 మైళ్లు, 13 రోజులు. అంటే పరుగే మానేయమని కాదు, మెల్లగా పరుగెత్తండి, స్పీడ్ వర్క్ మాత్రం వద్దు. మొదటి రెండు రోజులు నడక చాలు. తర్వాతి ఆదివారం లాంగ్ రన్ 22 దాకా తగ్గించండి, మీ అతి పెద్ద లాంగ్ రన్‌ని మారథాన్‌కి మూడు లేదా నాలుగు వారాల ముందుకి పెట్టుకోండి, ఆ తర్వాత టేపర్, అంటే మారథాన్ దాకా పరుగు తగ్గించుకుంటూ రావడం.

ధైర్యం పోతుందేమోనన్నారు కదా. మూడో ఎత్తు దిగాక, 18వ కిలోమీటరు దగ్గర, ఒక్కసారి తొడలెలా ఉన్నాయో చూసుకోండి, ఆయాసం ఎంత త్వరగా తగ్గిందో చూసుకోండి. ఇంటికొచ్చాక టైమ్‌కి బదులు ఆ రెండూ రాసిపెట్టుకోండి. మారథాన్ గురించి మీకు తెలియాల్సింది ఎక్కువగా అందులోనే ఉంటుంది.

ప్రశ్న: నేనుండే చోట రోడ్లన్నీ చదునే. నేను పరుగెత్తబోయే మారథాన్‌లో ఎత్తులున్నాయట. ట్రెడ్‌మిల్ సరిపోతుందా?

జవాబు: ఎక్కడానికి సరిపోతుంది, దిగడానికి సరిపోదు. వారానికోసారి వాలు 4 నుంచి 6 శాతం పెట్టి మూడేసి నిమిషాలు ఆరుసార్లు ఎక్కండి, మధ్యలో సున్నాకి తెచ్చి మెల్లగా పరుగెత్తండి. దిగడం కోసం ఏదైనా ఓవర్‌బ్రిడ్జి వాలు వెతుక్కోండి, తెల్లవారుజామున బండ్లు లేని వేళ చూసుకుని, మొదటివారం నాలుగుసార్లు, తర్వాత ఆరు, ఎనిమిది, అలా పెంచండి. మెట్లు మెల్లగా దిగడం కూడా పనికొస్తుంది. ఎత్తులకి ఇంత ప్రాధాన్యం ఎందుకని అడిగేవాళ్లకి నేను న్యూజిలాండ్ కోచ్ ఆర్థర్ లిడియార్డ్ పేరే చెప్తాను. ఆయన తన శిష్యుల్ని ఆక్లాండ్ దగ్గరి వైటాకెరె కొండల్లో దాదాపు 35 కిలోమీటర్ల చుట్టు పరుగెత్తించేవాడు, 800 మీటర్లు పరుగెత్తే పీటర్ స్నెల్‌ని కూడా వదల్లేదు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో స్నెల్‌కి 800లో, ముర్రే హాల్‌బర్గ్‌కి 5000 మీటర్లలో స్వర్ణాలొచ్చాయి, బారీ మగీకి మారథాన్‌లో కాంస్యం.

ప్రశ్న: వచ్చే ఆదివారం పోటీ. వారంగా కుడికాలి ముందు ఎముక మీద ఒకచోట నొప్పి. పరుగు మొదట్లో తక్కువగా ఉండి పోనుపోను పెరుగుతోంది. ఫీజు కట్టేశాను. కట్టు కట్టుకుని పరుగెత్తొచ్చా?

జవాబు: వద్దు. రెండు కాళ్లకీ సమానంగా, కండరమంతా ఉండే నొప్పి అలసట, అది కదిలేకొద్దీ తగ్గుతుంది. మీది ఒక కాలికే, ఎముక మీద వేలు పెట్టి చూపించగలిగే చోట ఉంది, పైగా పరుగెత్తేకొద్దీ పెరుగుతోంది. అది ఎముకలో సన్నని బీటకు మొదలు కావచ్చు. కట్టు కడితే అది ఆగదు. ఇప్పుడు ఆగితే కొన్ని వారాలతో పోయేది, పోటీలో పూర్తిగా విరిగితే నెలలు పడుతుంది. మొదట్లో ఎక్స్‌రేలో కనపడకపోవచ్చు కూడా, కాబట్టి ఎక్స్‌రే బాగుందని వెంటనే పరుగెత్తకండి, ఎముకల డాక్టర్‌కి నొప్పి ఎలా పెరుగుతోందో మొత్తం చెప్పి, ఎంఆర్‌ఐ అవసరమా అని మీరే అడగండి. అప్పటిదాకా పరుగు ఆపండి. ఈత కొట్టినా, సైకిల్ తొక్కినా నొప్పి రాకపోతే డాక్టర్ సరేనన్నాక అవి చేసుకోవచ్చు. కట్టిన ఫీజు గురించి నిర్వాహకులకి ఈరోజే రాయండి, కొన్ని పోటీల్లో ఎంట్రీని వచ్చే ఏడాదికి మార్చుకోనిస్తారు.