ఫోనులో సాగే చదువుతో ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మా అమ్మాయి ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. ఎకనామిక్స్ రెండో సంవత్సరం చదువుతోంది. మిర్చి ధరలపై ప్రాజెక్టు రాస్తూ, గ్రంథాలయం ముఖం చూడకుండా ఫోను, ల్యాప్‌టాప్‌లతోనే గడుపుతోంది. ఈ చదువుతో ఉద్యోగం వస్తుందా?
– ఒక తండ్రి, గుంటూరు

జవాబు: అయ్యా, ఆమె పట్టికలో ఏదో ఒక ధర మీద వేలు పెట్టి, ‘ఇది ఎక్కడి నుంచి తెచ్చావమ్మా?’ అని అడిగి చూడండి. మార్కెట్ పరిశోధన సంస్థల్లోనూ బ్యాంకుల్లోనూ విశ్లేషకుల ఉద్యోగాలకు వెళ్లేవారిని ఇంటర్వ్యూలో ఇబ్బంది పెట్టేది ఈ ప్రశ్నే. ‘గూగుల్‌లో వచ్చింది’, ‘ఏఐ చెప్పింది’ అన్నవి దానికి జవాబులు కావు. అసలు లేని వ్యాసానికి సైతం శీర్షిక, రచయిత పేరు, సంవత్సరం కల్పించి చెప్పడం ఏఐకి చేతనవును.

మిర్చి ధరలకు కేంద్ర ప్రభుత్వ అగ్‌మార్క్‌నెట్ పోర్టల్ ఉంది. అందులో రోజువారీ కనిష్ఠ, గరిష్ఠ ధరలతో పాటు, ఎక్కువ సరుకు అమ్ముడుపోయిన మోడల్ ధర కూడా క్వింటాలుకు ఇంత అని దొరుకుతుంది. అయితే తేజ రకాన్నీ, రంగు పోయిన నాసిరకం తాలుకాయలనూ కలిపి సరాసరి కడితే వచ్చే ధరకు మిర్చి యార్డులో ఏ రైతూ ఒక్క టిక్కీ (మిర్చి బస్తా) అమ్మి ఉండడు. వేసవిలో యార్డుకు సెలవులిస్తారు కనుక ఆ రోజుల గడులు ఖాళీగా ఉంటాయి. వాటిని సున్నాలుగా లెక్కిస్తే గ్రాఫులో ధర కుప్పకూలినట్లు కనిపిస్తుంది. ఊరుగాని ఊరి విద్యార్థి ఈ పొరపాటు చేస్తే సరిపెట్టుకోవచ్చు గానీ, గుంటూరు పిల్ల చేస్తే మాత్రం కష్టమే.

పాత పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాలు శోధ్‌గంగ అనే వెబ్‌సైట్‌లో ఉచితంగా లభిస్తాయి. చందా కట్టి చదవవలసిన జర్నల్స్ విషయానికొస్తే, 2025 నుంచి అమలవుతున్న ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ పథకం కింద 30 ప్రచురణ సంస్థలకు చెందిన దాదాపు 13,000 జర్నల్స్‌ను ప్రభుత్వ విద్యాసంస్థలకు అందుబాటులోకి తెచ్చారు. లాగిన్ ఎలాగో గ్రంథాలయాధికారిని అడగాలి కనుక, కనీసం ఆ పనికైనా ఆమె లైబ్రరీ మెట్లెక్కడం మంచిది.

దించుకున్న ప్రతి ఫైలుకూ పోర్టల్ పేరు, తీసుకున్న తేదీ, మిర్చి రకం ఒక నోటుబుక్కులో రాసుకోమనండి. అలాగే సెలవులు మొదలయ్యేలోపు ఒక ఉదయం మీరే ఆమెను యార్డుకు తీసుకువెళ్లి, ఆనాటి వేలం ధరలను రాసుకోనిచ్చి, తరువాత పోర్టల్‌లో ఆ రోజు అంకెలతో సరిచూడమని చెప్పండి.