పాత చెక్కలు, రాలిన కొమ్మలతో చేసే సిలువకు అతుకు ఎందుకు నిలవడం లేదు?

రాలిన కొమ్మలూ, పాత కిటికీ చట్రం చెక్కలూ దాచుకుని చిన్న సిలువలు చేస్తున్నానని, జిగురుతో అతికించిన అడ్డకర్ర వారం తిరక్కుండానే వంకరపోతోందని రాశారు. పాత పెయింట్ గీకేసి నునుపు చేయాలా అని కూడా అడిగారు. నేను చాలా ఏళ్లుగా ఇవి చేస్తున్నాను. మీకు ఎదురైనవన్నీ నాకూ ఎదురయ్యాయి.

అడ్డకర్ర తిరిగిపోవడం సంగతి ముందు చెప్తాను. మొదట్లో నేను రెండు కర్రలనూ ఒకదాని మీద ఒకటి పెట్టి, మధ్యలో ఒక్క మేకు కొట్టేదాన్ని. ఒక్క మేకు ఇరుసులాంటిది, దాని చుట్టూ కర్ర తిరగకుండా ఆపేది ఏదీ లేదు. జిగురు పెట్టినా అంతే, గుండ్రటి కొమ్మలు ఒకదానికొకటి ఆనేది గోరంత చోటే. అంత చిన్న చోట ఎంత మంచి జిగురైనా ఏం పట్టుకుంటుంది?

అందుకే చెక్కలైతే సగం సగం చెక్కి ఒకదానిలో ఒకటి కూర్చండి. చెక్క మందం 20 మిల్లీమీటర్లు అనుకుందాం. నిలువు కర్రకు ముందువైపు 10, అడ్డకర్రకు వెనకవైపు 10 మిల్లీమీటర్ల లోతు తీయాలి. గాడి వెడల్పును స్కేలుతో కొలవొద్దు. రెండో చెక్కనే దాని మీద పెట్టి, పదునైన కత్తి మొనతో అంచుల వెంట గీయండి. పెన్సిల్ గీత మందంగా ఉంటుంది, ఆ మందమే తర్వాత సందు అవుతుంది. రంపం గీతకు లోపలివైపు, అంటే తీసేసే భాగం మీద నడవాలి. ఉలితో రెండు పక్కల నుంచీ మధ్యకు తీసుకురండి. ఒకే వైపు నుంచి తోస్తే అవతలి అంచు చీలుతుంది. కొలతకు వస్తే, నిలువు 30 సెంటీమీటర్లు ఉంటే అడ్డం 20 పెట్టి, పైనుంచి మూడో వంతు దగ్గర కూరుస్తాను. నా కంటికి అది బాగుంటుంది.

కొమ్మల విషయంలో అసలు చిక్కు తడి. పచ్చి కట్టె ఆరేకొద్దీ అడ్డంగా కుంచించుకుపోతుంది, పొడవు మాత్రం దాదాపు మారదు. ఇవాళ ఎంత బిగించి కట్టినా, రేపు కొమ్మ సన్నబడితే తాడు వదులవుతుంది. బెరడు ఒలిచి, నీడలో గాలి ఆడేచోట ఉంచండి. ఎండలో పెడితే చివర్లు పగులుతాయి. ఆరిందో లేదో తెలియాలంటే వారానికోసారి తూచండి. బరువు తగ్గడం ఆగినప్పుడే పని మొదలుపెట్టండి. తర్వాత రెండు కొమ్మలూ కలిసేచోట కత్తితో కాస్త చదును చేసి, పురికొసతో చుట్టి, చివర్లో రెండు కర్రల మధ్య నుంచి ఆ చుట్ల మీదుగానే రెండు మూడు సార్లు గట్టిగా లాగి బిగించాలి. కట్టును నిలబెట్టేది ఈ బిగింపే. చాలామంది దీన్ని వదిలేస్తారు.

అసలు జిగురూ మేకూ అక్కర్లేని సిలువలూ ఉన్నాయి. ఐర్లాండ్‌లో ఫిబ్రవరి 1న వచ్చే సెయింట్ బ్రిజిడ్ పండుగకు నీటి రెల్లు కాడలతో అల్లుతారు. ఒక కాడను సగానికి మడిచి ఇంకోదాని మీద వేయడం, పావువంతు తిప్పడం, మళ్లీ మడవడం, అంతే. నాలుగు చేతుల చివర్లు మాత్రం కట్టాలి. చేతికి బిగువు అలవాటు కావడానికి దీనంత మంచి పని లేదు.

ఇక పెయింట్. పాత పెయింట్‌లో సీసం ఉండొచ్చు. పొడిగా గరుకు కాగితం పెట్టి రుద్దొద్దు, ఆ దుమ్ము పిల్లలకు మరీ ప్రమాదం. పరీక్ష చేయించి సీసం లేదని తేలితేనే ఆ చెక్క వాడండి, తేలకపోతే పక్కన పెట్టేయండి. ప్యాకింగ్ పెట్టెల చెక్కలైతే ముద్ర చూడండి. హెచ్‌టీ అంటే వేడితో శుద్ధి చేసింది, ఎంబీ అంటే పురుగులు చావడానికి మిథైల్ బ్రోమైడ్ అనే విషవాయువుతో పొగ పెట్టింది. ఎంబీది నేను ముట్టుకోను. రంపం పెట్టేముందు అయస్కాంతంతో చెక్కంతా తడమండి. లోపల దాగిన మేకు తగిలి నా ఉలి మొన ఒకసారి ఎగిరిపోయింది.

సీసం లేకపోతే గీకాలా అంటే, వద్దంటాను. దీనికి నా దగ్గర ఒక బాధ ఉంది. ఒకావిడ వాళ్ల నాన్న రాసుకునే బల్ల చెక్క తెచ్చి సిలువ చేసిపెట్టమంది. నేను చిత్రిక పట్టి, మేకుల బెజ్జాలు పూడ్చి, అద్దంలా చేసి ఇచ్చాను. ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూస్తూ, "సిరా మరకలు ఏమయ్యాయి?" అంది. నా దగ్గర జవాబు లేదు. ఆ రోజు నుంచి చెక్క ముందువైపు చిత్రిక పట్టడం మానేశాను. సబ్బునీటి గుడ్డతో తుడవడం, పుడక గుచ్చుకునే అంచులు మాత్రం మొద్దు చేయడం, అంతవరకే.

ఇటలీలోని లాంపెడూసా దీవిలో ఫ్రాన్సెస్కో తుచ్చో అనే వడ్రంగి, మునిగిపోయిన శరణార్థుల పడవల చెక్కలతో సిలువలు చేశాడు. వాటిలో ఒకటి 2015లో బ్రిటిష్ మ్యూజియంకు చేరింది. పడవ నీలిరంగు గీరుకుపోయినట్టే దాని మీద ఉండిపోయింది. ఆ రంగు తీసేసి ఉంటే అది ఏ పడవదో, ఎవరి ప్రయాణానిదో చెప్పేది ఏముండేది? ఇంగ్లండ్‌లోని కోవెంట్రీ కథీడ్రల్ 1940 నవంబర్ 14 రాత్రి బాంబుల మంటల్లో కాలిపోయాక, కాలిన దూలాలు రెండింటిని సిలువగా కట్టారు, ఆ మసితోనే. మీ కిటికీ చెక్క మీద గొళ్లెం ఆనిన గుంట ఉంటే, ఆ గుంట కనిపించేలా కోసుకోండి.

పైపూతకు తేనెమైనం చాలు. అవిసె నూనె వాడితే మాత్రం తుడిచిన గుడ్డలు ఉండచుట్టి మూల పడేయొద్దు, అవి వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి. ఆరుబయట పరిచి ఆరనివ్వండి.

కిటికీ చెక్కను ఇప్పుడే కోయకండి. ముందు ఏదైనా పనికిరాని చెక్క మీద ఆ గాడి నాలుగైదు సార్లు తీసి చూడండి. జిగురు లేకుండా కూర్చి పైకెత్తినప్పుడు అడ్డకర్ర జారకుండా నిలిచిందంటే, ఆ రోజు కిటికీ చెక్క బయటికి తీయండి.