ఉదయం ప్రార్థన ఇబ్బంది: పర్లాకిమిడి టీచర్ గారికి సమాధానం

టీచర్ గారూ, వందనాలు. ఒడిశాలోని మీ చర్చి బడిలో ఉదయం ప్రార్థన అరగంట సాగుతోందని, పిల్లలు కునుకుతున్నారని, కొందరు హిందూ తల్లిదండ్రులు "మా వాణ్ణి బలవంతంగా కూర్చోబెడుతున్నారు" అంటున్నారని రాశారు.

ముందు తల్లిదండ్రుల సంగతి చూడండి. రాజ్యాంగం 28(3) ప్రకారం, ప్రభుత్వ గుర్తింపో సాయమో ఉన్న బడిలో తల్లిదండ్రుల సమ్మతి లేకుండా పిల్లలు ఆరాధనలో, మతబోధలో పాల్గొని తీరాలని పట్టుబట్టకూడదు. 30వ అధికరణం మైనారిటీలకు బడి నడుపుకునే హక్కు ఇచ్చినా, ఈ నియమం అలాగే ఉంటుంది. అడ్మిషన్ అప్పుడే తెలుగులో, ఒడియాలో సమ్మతి కాగితం తీసుకోండి. ఇవ్వనివాళ్ల పిల్లలకు ఆ సమయంలో కథల పుస్తకాలు ఇచ్చి లోపల కూర్చోబెట్టండి. వరండాలో నిలబెడితే వాళ్లకది శిక్షే.

ప్రార్థనకు పదిహేను నిమిషాలు చాలు. ప్రసంగం తగ్గించి కథ ఆడించండి. లూకా 10లోని మంచి సమరయుని కథే తీసుకోండి. యూదులకూ సమరయులకూ పడేది కాదని ముందే చెప్పాలి, లేకపోతే పిల్లలకు అందులో గొప్పేమిటో అందదు. ఒక పిల్లాణ్ణి దెబ్బలు తిన్నవాడిలా పడుకోబెట్టండి, ఇద్దరు చూసీ చూడనట్టు దాటిపోవాలి, మూడోవాడైన సమరయుడు ఆగి సాయం చేయాలి. అయ్యాక "మన క్లాసులో ఎవరితో ఎవరూ ఆడటం లేదు?" అని అడిగి, వాళ్లంతట వాళ్లు చెప్పేదాకా ఆగండి. పేర్లు మీరు ఎత్తొద్దు.

సవర తెగ గిరిజన పిల్లలుంటే చివరి ప్రార్థన ఒక్కోరోజు వాళ్ల భాషలోనే చేయించండి. ఇది మాత్రం తప్పకుండా చేయండి, టీచర్ గారూ.